హంసలదీవిలో తడిసిన కెమెరా

వేణుగోపాలస్వామి దర్శనం అయ్యాక, కృష్ణమ్మ కడలిలో కలిసేచోటికి వెళ్లాం. ఫొటో తీస్తుండగా అల వచ్చి మోకాళ్ల మీదికి కొట్టింది. చేతిలోని పాత డిజిటల్ కెమెరా మునిగింది. అందులో అమ్మమ్మ ఫొటోలున్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత ఆవిడ సముద్రం ఒడ్డుకు రావడం అదే మొదలు.

ఆన్ చేసి చూద్దామని ఒకటే ఆత్రం. ఆగాను. తడి మీద కరెంటు పారితే ఉన్నది కూడా పోతుంది. బ్యాటరీ, కార్డు తీసేశాను. అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి తడి ఆరింది. ఉప్పు ఆరదు కదా! లోపలి రాగిని తింటూనే ఉంటుంది. లెన్సు సందుల్లో ఇసుక కరకరమంటోంది.

పక్కనే రోల్డుగోల్డు నగల చిలకలపూడి. అంత సన్నపని చేసే చోట చిన్న స్క్రూడ్రైవర్ దొరకదా? దొరికింది. రెండు మరలు ఊడదీశాక, గుడివాడలో ఫొటో స్టూడియో నడిపే బాబాయికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఆపు! బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉండిపోవచ్చు. పట్టుకుని రా."

మర్నాడు రైలెక్కాను. లెన్సు మోటారు కూడా పట్టేసిందట. బాగుచేసే ఖర్చుకు అలాంటి పాతది ఇంకోటి వస్తుందన్నాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాను. కార్డు తుడిచి, ఆరబెట్టి, కంప్యూటర్‌కు తగిలించాడు. ఫొటోలన్నీ ఉన్నాయి.

అందరం సముద్రంకేసి చూస్తున్నాం. అమ్మమ్మ మాత్రం అటు వీపు తిప్పి, మా పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.