సావనీర్ వెబ్‌కెక్కిన వైనం

అమెరికాలో చాలా తెలుగు సంఘాలు సావనీర్లు వేస్తాయి. ప్రకటనలు కొన్ని, కథలు, కవితలు, పిల్లల బొమ్మలు కొన్ని. పండగ అయిపోయాక మిగిలిన ప్రతులన్నీ ఎవరి గరాజ్‌లోనో అట్టపెట్టెల్లో పడుంటాయి. డాలస్ శివార్లలో ఉండే ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఆ కథలన్నీ ఒక సైట్లో పెట్టాలని పూనుకుంది. అందుకు ఎంచుకున్నది హ్యూగో.

స్టీవ్ ఫ్రాన్సియా 2013లో మొదలుపెట్టిన, టెక్స్ట్ ఫైళ్లను సైటుగా మార్చే (బిల్డ్ చేసే) ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. ఒక్కో కథ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు. పైన మూడేసి అడ్డగీతల నడుమ శీర్షిక, రచయిత, తేదీ. ఆ కింద కథ. రాతలో హంగులకు మార్క్‌డౌన్ ఉంది. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన ఈ పద్ధతిలో వాక్యం ముందు హాష్ పెడితే శీర్షికవుతుంది, మాటకు అటూ ఇటూ రెండేసి స్టార్లు పెడితే బోల్డ్ అవుతుంది. పేజీ ఎలా కనబడాలో టెంప్లేట్ చూసుకుంటుంది.

రెడీమేడ్ థీములకు కొదవ లేదు. కాకపోతే వాటిలో చాలావరకు ఇంగ్లిషుకు కొలత తీసి కుట్టినవే. ఒత్తులు వెళ్లి కింది వరుస గుడుల మీద పడతాయి. ఆమె వాటి జోలికి పోకుండా మూడు టెంప్లేట్లు సొంతంగా రాసుకుంది: మొత్తానికి చట్రం, కథల జాబితా, విడి కథ. మండలి ఫాంట్ పెట్టి, వరుసల ఎడం 1.8కి పెంచింది. మంచి పనే. థీములు చూస్తూ కూర్చుంటే వారాంతాలు ఇట్టే కరిగిపోతాయి.

అసలు తిప్పలు పాత ఫైళ్లతో. అను ఫాంట్లలో డీటీపీ చేసినవి కాపీ చేసి అతికిస్తే తెలుగు రాదు, పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చినా మళ్లీ ప్రూఫులు చూడక తప్పదు.

ఆ తర్వాతి పేచీ మన విభక్తులది. కథ పేరును కొటేషన్లలో పెట్టి, మొత్తాన్నీ స్టార్ల మధ్య ఉంచి, వెంటనే 'లో' తగిలించారనుకోండి. బోల్డ్ కాదు సరికదా, స్టార్లు అలాగే తెరమీద కనిపిస్తాయి. ముగింపు స్టార్లకు ముందు విరామచిహ్నం, వెనక ఆనుకుని అక్షరం ఉంటే వాటిని ముగింపుగా లెక్కించకూడదన్నది మార్క్‌డౌన్‌ను ప్రామాణీకరించిన కామన్‌మార్క్ నియమం. హ్యూగోలో మార్క్‌డౌన్‌ను చదివే గోల్డ్‌మార్క్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఇంగ్లిషులో పేరు తర్వాత మామూలుగా ఖాళీ వస్తుంది కాబట్టి వాళ్లకు ఈ బాధ తక్కువ. మనకు 'లో', 'కి', 'తో' అన్నీ అంటుకునే వస్తాయి. కొటేషన్లను స్టార్ల బయటికి నెడితే సరిపోతుంది.

తేదీ గొడవ మాత్రం అచ్చంగా ప్రవాసులదే. 2025 ఉగాది మార్చి 30, ఆదివారం. ఇండియాలో జనం నిద్ర లేచేసరికి పండగ కథ సైట్లో ఉండాలంటే డాలస్‌లో శనివారం మధ్యాహ్నమే ఎక్కించాలి. భవిష్యత్తు తేదీ ఉన్న ఫైలును హ్యూగో పక్కన పెట్టేస్తుంది. టైమ్‌జోన్ చెప్పకపోతే యూటీసీ లెక్కే, అంటే డాలస్‌లో శనివారం సాయంత్రం 7 దాకా ఆ కథ లేనట్టే. అందుకని ఆమె సెట్టింగుల్లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని రాసింది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక ఎప్పుడు బిల్డ్ చేసినా ఉగాది కథ వచ్చేస్తుంది.