సముద్రం ఒడ్డు నుంచి సముద్రానికి

మద్రాసులో సముద్రం లేదా, పనిగట్టుకుని రైలెక్కి నెల్లూరు జిల్లా మైపాడుకు పోయి చూడాలా అని అడగబోతున్నారు కదూ? అడగండి. మా ఇంట్లో అడిగారు. ఎదురింటి మామి అడిగింది. స్టేషన్లో దింపిన ఆటో అతను కూడా అడిగాడు. ఉంది బాబూ, మెరీనా ఉంది, బెసంట్ నగర్ ఉంది. అక్కడా బంగాళాఖాతమే, మైపాడులోనూ బంగాళాఖాతమే. ఉప్పులో ఏమీ తేడా లేదు. కానీ మెరీనాకు పోయేటప్పుడు ఇడ్లీ పొట్లం దారం విప్పేలోపే మెరీనా వచ్చేస్తుంది. అదేం ప్రయాణమండీ!

పొద్దున పోవాలి, రాత్రికి మన మంచం మీద పడుకోవాలి. లాడ్జీ వెతుక్కోవడం ఉండదు, పెట్టె మొయ్యడం ఉండదు. ఒక చేతిసంచి, తువ్వాలు, నీళ్ల సీసా. దుప్పటి పెట్టమంటారా అని ఎవరన్నా అడిగితే వాళ్లను తీసుకుపోకండి.

చెన్నై సెంట్రల్ నుంచి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు. పొద్దున విజయవాడకు పోయే జన శతాబ్ది ఉంది, టిఫిను వేళకు దించేస్తుంది. 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ ఇంకా ముందే లేపుతుంది. అది రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి పోతుంది. కొండ కిందిదాకా వెళ్లి కొండెక్కకుండా పోతే వెంకన్న ఏమనుకుంటాడో, అది మీరూ ఆయనా చూసుకోండి. పెన్నమ్మ పేరు పెట్టుకున్న పినాకిని మాత్రం మనకు అక్కరకు రాదు. మద్రాసులో మధ్యాహ్నం దాటితే గానీ కదలదు.

ఇప్పుడొక రహస్యం. దగ్గరికి రండి. సీటు ఎడమవైపు తీసుకోండి. పొద్దున ఉత్తరానికి పోతాం కాబట్టి ఎండ కుడివైపు కిటికీలోంచి కొడుతుంది. పొద్దు గుంకకముందే తిరుగుబండి ఎక్కితే దక్షిణానికి వస్తాం, ఎండ మళ్లీ కుడివైపే! రెండు పూటలా ఎడమవైపు కూర్చున్నవాడు రాజు. పోయేటప్పుడు సముద్రం కూడా కుడివైపే కదా అంటారా? కనపడితే కదా! ఎన్నూరు దాటాక గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు... అన్నీ వరసగా వస్తాయి. సముద్రం మాత్రం కొత్త కోడలిలా తలుపు వెనకాలే ఉంటుంది. మధ్యలో పులికాట్ సరస్సు ఒకటి అడ్డం.

ఆరంబాక్కం దాకా బోర్డుల మీద అరవం పైన ఉంటుంది. తడ రాగానే మన గుండ్రటి అక్షరాలు. ఎన్నిసార్లు చూసినా ఎందుకో కాస్త నిటారుగా కూర్చుంటాను. సూళ్లూరుపేట దాకా చెన్నై లోకల్ బళ్లే వస్తాయి. అక్కడ దిగేవాళ్లలో షార్ ఉద్యోగులూ ఉంటారు. రాకెట్ పంపేవాళ్లు కూడా మనలాగే లోకల్ కోసం పరిగెత్తుతారనుకుంటే ధైర్యంగా ఉంటుంది. చలికాలమైతే దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. వాటికోసం ఇంకోరోజు సెలవు పెట్టండి. ఒక రోజులో రెండు చూడాలన్న ఆశే ఇలాంటి ప్రయాణాలను పాడుచేస్తుంది.

నెల్లూర్లో దిగగానే కారం దోసె. దీనికి వాదన లేదు.

తర్వాత మైపాడు. సుమారు 25 కిలోమీటర్లు. నెల్లూర్లోనే మైపాడు గేటు సెంటరు ఉంది, ఎవర్నడిగినా బస్సెక్కిస్తారు. ఇందుకూరుపేట మీదుగా దారి. పక్కన వరిచేలు, కాసేపటికి రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటే సముద్రం వచ్చేసిందని పిల్లలు లేచి నిలబడతారు. రాలేదమ్మా, కూర్చో. బకింగ్‌హామ్ కాలువ వస్తే దగ్గరికొచ్చామని లెక్క. రైలు లేనప్పుడు ఈ తీరం నుంచి మద్రాసుకు సరుకులు మోసింది ఈ కాలువ పడవలే. 1878లో అప్పటి గవర్నరు పేరు తగిలించారు. అప్పటివాళ్లకు పొద్దున పోయి రాత్రికి రావడమంటే నవ్వులాట.

నడి ఎండలో చేరతారు కాబట్టి చెప్పులు విప్పే పౌరుషం వద్దు, ఇసక కాలుతుంది. సరుగుడు నీడన కూచోండి. ఒడ్డుకు లాగిన పడవలు, వలలు బాగుచేసుకునే మనుషులు, మధ్యలో ఎవరి సంగతీ పట్టని కుక్క. మూడు దాటాక నీళ్ల దగ్గరికి పదండి. కానీ ఒక్క మాట, ఇది వేళాకోళం కాదు. మైపాడు అలలకు జాలి లేదు, లాగేస్తాయి. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు. మోకాళ్లు దాటి దిగితే నా మీద ఒట్టు.

తిరుగు బండికి ముందు మలై కాజా కొనుక్కుంటారని నాకు తెలుసు, చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది చేపల పులుసు గురించి. మామిడికాయ ముక్క వేసిన నెల్లూరు పులుసు వండిన రోజు కన్నా మర్నాడే బావుంటుందని ఈ జిల్లాలో పసిపిల్లకు కూడా తెలుసు. పొద్దున పోయి రాత్రికి వచ్చే మనకు ఆ మర్నాడు ఎక్కడిది? ఎందుకు లేదూ? హోటల్లో సగం తినండి, సగం స్టీలు క్యారియర్లో కట్టించుకోండి. రైలు మూడు గంటలు ఊపుతుంది, రాత్రంతా అది ఊరుతుంది, మర్నాడు పొద్దున మద్రాసులో ఇడ్లీలోకి సిద్ధం. మూత బిగుతుగా ఉందో లేదో మాత్రం బండెక్కేముందే చూసుకోండి. ఎదురు సీటాయన తప్పకుండా తెల్ల పంచె కట్టుకుని ఉంటాడు.