గుంటూరు కాయ, ఎగ్జిబిషన్ కారం

గుంటూరులో మిర్చి యార్డు ఎక్కడుందని ఎవర్నీ అడగక్కర్లేదండీ. చుట్టుగుంట దగ్గర పడుతుండగానే ముక్కు చెప్పేస్తుంది. ఆటోలో మీ పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుందంటే వచ్చేశామన్నమాటే. అలవాటు లేనివాళ్ళకి ముందు గొంతులో గరగర, తర్వాత వరసగా తుమ్ములు, ఆపైన కళ్ళల్లో నీళ్ళు. ఆ ఊరివాళ్ళు మాత్రం అక్కడే నిలబడి తాపీగా టీ తాగుతుంటారు!

ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని పేరుపడ్డ ఈ యార్డుని ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో చూడాలి. లారీలు, ట్రాక్టర్ల నిండా బస్తాలు. బస్తాని ఇక్కడ 'టిక్కీ' అంటారు. ఒక్కోటీ నలభై కిలోల పైచిలుకు ఉంటుంది. కొనేవాళ్ళు టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీస్తారు, ఒకటి విరుస్తారు, వాసన చూస్తారు. కాయ ఫెళ్ళున విరిగితే బాగా ఎండినట్టు. మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టు, ధర తగ్గినట్టే. మనం బజారులో చేసేదీ అదే కదా. కాకపోతే మనం పావుకిలోకి చేస్తాం, వాళ్ళు లారీకి చేస్తారు.

మనం ఇంట్లో 'గుంటూరు కాయ' అని ఒక్కమాటతో తేల్చేస్తాం గానీ, అక్కడికెళితే ఎన్ని రకాలో! సన్నం అంటే కాస్త పొడవుగా, ముదురు ఎరుపులో ఉండే కాయ. 334 అని నెంబరు పెట్టి పిలిచే రకం గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన స్థానంలో పుట్టింది. తేజ సన్నగా, చిన్నగా ఉంటుంది గానీ నాలిక మీద పెడితే తెలుస్తుంది దాని సంగతి. ఇక రంగుకి పెట్టింది పేరు బ్యాడిగి. కర్ణాటకలోని హావేరి జిల్లాలో ఉన్న ఊరి పేరే కాయకొచ్చింది. ముడతలు ముడతలుగా ఉంటుంది, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. మన వరంగల్ వైపు చపాటా కాయ కూడా అంతే. బొద్దుగా టమాటాలా ఉండే ఆ కాయకి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెల్లబారిపోయిన కాయల్ని 'తాలు' అంటారు. వీటి సంగతి మళ్ళీ చెబుతాను.

యార్డు చూసి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. మీరు మాత్రం తొడిమలు తీసే షెడ్ల దాకా వెళ్ళండి. అక్కడంతా ఆడవాళ్ళే. కాయల గుట్ట చుట్టూ కూర్చుని, ముక్కూ నోరూ కలిపి పాత చీరముక్క కట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా తొడిమలు తీస్తూనే ఉంటారు. కూలి కిలోల లెక్కన. "చేతులు మండవా అమ్మా?" అని అడిగాను. "మండకేం! రాత్రి కొబ్బరినూనె రాసుకుంటాం. చంటిపిల్లని ఎత్తుకోవాలంటేనే భయం" అందొకామె. ఇంటికెళ్ళాక మజ్జిగలో చేతులు నానబెట్టుకుంటామని ఇంకొకామె చెప్పింది. అందులో శాస్త్రం లేకపోలేదు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కారం నషాళానికి అంటినప్పుడు చెంబెడు నీళ్ళు తాగినా లాభం లేదు, కాస్త పెరుగో పాలో అయితే నయం. అన్నట్టు, కారమంతా గింజల్లో ఉంటుందనుకుంటాం కదూ? గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఉంటుందిట అసలు ఘాటు.

ఇక ఎగ్జిబిషన్ సంగతికొస్తాను. వేసవి సెలవుల్లో మన ఊళ్ళన్నిట్లోనూ రంగులరాట్నంతో, అప్పడాలతో, చేనేత చీరలతో ఎగ్జిబిషన్లు పెడతారు చూడండి. ఈమధ్య వాటిల్లో తిండి అంగళ్ళకి విడిగా ఒక వరస ఇచ్చి 'ఫుడ్ ఫెస్టివల్' అని బోర్డు కడుతున్నారు. అలాంటి ఒకచోట, గుంటూరు పక్క పల్లెనుంచి వచ్చిన నలుగురు డ్వాక్రా ఆడవాళ్ళ అంగడి దగ్గర వరసగా నాలుగు సాయంత్రాలు గడిపాను. 1982లో మొదలైన ఆ డ్వాక్రా పథకం 1999లో వేరే పథకంలో కలిసిపోయింది. అయినా మన ఊళ్ళల్లో పొదుపు సంఘమంటే ఇప్పటికీ డ్వాక్రానే!

బల్లమీద ఏమున్నాయంటే - వట్టి కారం, మెంతులూ ధనియాలూ వెల్లుల్లీ వేసి కాస్త ఆముదం చిలకరించి దంచిన కూరకారం, కరివేపాకు కారం, కొరివికారం, గోంగూర పండుమిరప, చల్ల మిరపకాయలు. పక్కన చిన్న కుక్కర్లో వేడి అన్నం. "రండి పిన్నిగారూ, ఒక్క ముద్ద రుచి చూసి వెళ్ళండి, కొనక్కర్లేదు" అని పిలిచి, అన్నంలో చిటికెడు కూరకారం, చుక్క నెయ్యి వేసి ఆకుముక్కలో పెట్టేవాళ్ళు. కొనక్కర్లేదన్నాక కొనకుండా వెళ్ళేవాళ్ళు తక్కువ. అయితే కిలో ప్యాకెట్లు చూసి అందరూ జంకారు. ముఖం తెలియని వాళ్ళ దగ్గర కిలో కారం ఎవరు కొంటారు చెప్పండి? రెండోరోజు యాభై గ్రాముల పొట్లాలు కట్టించారు. అవి తీసుకెళ్ళినవాళ్ళల్లో కొందరు మర్నాడు పెద్ద ప్యాకెట్ కోసం వెతుక్కుంటూ వచ్చారు.

ఎండాకాలం అంగడిలో ఇంకో తంటా ఉంది. రేకుల షెడ్డు పగలంతా కాలిపోతుంటే కొరివికారం సీసాల్లో నూనె పైకి పొంగి మూత పక్కనుంచి కారుతుంది, లేబులు పాడవుతుంది. కారప్పొడికైతే వెలుతురే శత్రువు. ఎండలో పెట్టిన ప్యాకెట్ నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. అందుకని చూపించడానికి రెండు ప్యాకెట్లే ముందు పెట్టి, మిగతా సరుకంతా గోనెపట్టాల కింద దాచారు. ఇంట్లో గాజుసీసాలో పోసి కిటికీ పక్కన అందంగా పెట్టుకునే అలవాటున్న వాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు మూడోరోజు వచ్చింది. ఎదురు వరసలో ఇంకొక అంగడి. అందులో కారం కుంకుమలా కళ్ళు జిగేల్మనే ఎరుపు. వీళ్ళది ఇటుకరంగు. వచ్చినవాళ్ళంతా "మీది పాతదా ఏమిటమ్మా, ఎర్రగా లేదే?" అని అడిగి అటు వెళ్ళిపోవడం మొదలెట్టారు. రాత్రి లెక్క చూసుకుంటే ఆ రోజు స్థలం అద్దె కూడా రాలేదు. బ్యాంకు వాయిదా కట్టాల్సిన తేదీ దగ్గర్లోనే ఉంది. నలుగుర్లో చిన్నామె నెమ్మదిగా అంది, "చిటికెడు రంగు కలిపితే ఏమవుతుందక్కా? అందరూ చేసేదే కదా!" పెద్దామె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎవరన్నా శాంపిలు పట్టుకెళ్ళారనుకో, పోయేది నీ పేరూ నా పేరూ కాదు, సంఘం పేరు. రేపు ఏ బ్యాంకువాడు అప్పిస్తాడు?" అంది. ఆ రాత్రే ఊరికి ఫోను చేసి, మూడు పాళ్ళ సన్నానికి ఒక పాలు బ్యాడిగి కలిపి కొట్టించి పొద్దున్న బస్సుకి పంపమంది. బ్యాడిగి ఖరీదైన కాయ, లాభం కొంత తగ్గింది. కానీ మర్నాడు సాయంత్రం ఆ కారం చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళు లేరు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2003లో మన దేశం నుంచి ఐరోపాకి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్ అనే రంగు బయటపడింది. అది నూనెలకీ మైనాలకీ వేసే రంగు, తిండిలో వేయకూడనిది. 2005లో అదే రంగు బ్రిటన్లో ఒక సాసులో దొరికితే వందలకొద్దీ రకాల తినుబండారాల్ని దుకాణాలనుంచి వెనక్కి తీసుకున్నారు.

మరి మనకెలా తెలుస్తుంది? గాజుగ్లాసులో నీళ్ళు పోసి పైన కాస్త కారం చల్లితే, నీళ్ళలో కరిగే రంగు కలిపి ఉంటే వెంటనే గీతలు గీతలుగా కిందికి దిగుతుంది. అడుగున చేరిన మడ్డిని వేళ్ళతో నలిపితే గరుగ్గా తగిలిందా, ఇటుకపొడో ఇసకో ఉందేమోనని అనుమానించాలి. ఈ పరీక్ష మంచిదేగానీ దీన్నే పూర్తిగా నమ్ముకోవద్దు. సుడాన్ రంగు నీళ్ళలో కరగదు కనక గ్లాసులో దొరకదు, లాబొరేటరీలోనే దొరుకుతుంది. అందుకే నన్నడిగితే కాయ కొని, మన కళ్ళముందు మరపట్టించుకోవడమే మేలు. తాలు కాయలు ముందే ఏరెయ్యండి. తక్కువ ధరకి దొరుకుతాయని వాటిని పొడికొట్టేసి, వెలిసిన రంగుని కప్పిపుచ్చడానికి ఎరుపు కలిపేవాళ్ళున్నారు. కల్తీ మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

మీలో ఎవరికైనా వచ్చే వేసవిలో ఇలాంటి అంగడి పెట్టాలని ఉందా? నిక్షేపంగా పెట్టండి. కిలో కాయ కొంటే కిలో కారం రాదని మాత్రం మొదటే లెక్క వేసుకోవాలి. తొడిమె, తాలు, దుమ్ము, ఎండబెడితే తగ్గే తరుగు అన్నీ పోతాయి. మర ఖర్చు, కవర్లు, అద్దె, బస్సు ఛార్జీలు, మీ నలుగురి కూలీ కూడా అందులోనే రావాలి. మన కూలి మనం వేసుకోకపోవడం ఆడవాళ్ళ వ్యాపారంలో మామూలైపోయింది! కారప్పొడి గంపలో పోసి విడిగా అమ్మకూడదు, ప్యాక్ చేసే అమ్మాలి. ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్టరు చేయించుకుంటే 14 అంకెల నెంబరిస్తారు. దాన్నీ, తయారైన తేదీనీ లేబులు మీద వెయ్యాలి.

కాయ ధర మాత్రం మన చేతుల్లో లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరులో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకి 11,781 రూపాయల లెక్కన ఆదుకునే ధర ప్రకటించాల్సి వచ్చింది. అలా పడిపోయిన ఏడాది అమ్మేవాళ్ళకి లాభం, పండించేవాళ్ళకి కన్నీళ్ళు. ఆ నలుగురిలో ఇద్దరి ఇళ్ళల్లో మిరప వేస్తారు. "ధర తగ్గితే ఇటు సంతోషించాలో, అటు ఏడవాలో తెలీదండీ" అన్నారు నవ్వుతూనే.

చివరిరోజు కారాలన్నీ అయిపోయాయి. చల్ల మిరపకాయలైతే ముందురోజే ఖాళీ, పెరుగన్నంలోకి పిల్లలు కూడా అడిగి కొనిపించుకున్నారు. కొరివికారం సీసాలే కారిపోయి సగం వెనక్కి వెళ్ళాయి. వచ్చే ఏడు సీసాలు వద్దు, చిన్న డబ్బాలే అని అప్పుడే అనేసుకున్నారు.

మీరు గుంటూరు వెళ్ళాలనుకుంటే ఏప్రిల్ దాటనివ్వకండి. మే నెలలో యార్డుకి ఎండల సెలవులిచ్చేస్తారు. ఆ తర్వాత వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ కాయే. పొద్దున్నే వెళ్ళండి, తడిపి పిండిన చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. కళ్ళు మండితే మాత్రం కాయ ముట్టుకున్న చేత్తో నలుపుకోకండి.