నిద్ర లేవని యంత్రము

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అని పెద్దలన్నారు. మానవుడు అలసినచో కటికనేలపై నైనను నిద్రించగలడు. తెల్లవారగానే తన పేరును, ఊరును, నిన్నటి పనిని జ్ఞాపకముంచుకొని లేవగలడు. ఇది ఎంతటి విద్యయో మనకు తోచదు. కంప్యూటరుకు ఈ విద్య నేర్పుటకు మాత్రము నిపుణులు ఏండ్ల తరబడి శ్రమించవలసి వచ్చినది. ఆ శ్రమ ఎట్టిదో నాకు ఒక మిత్రుని లాప్‌టాప్ వలన తెలిసినది.

నా మిత్రుడు ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి ప్రతిదినము బస్సులో వచ్చి చదువుకొనేవాడు. తండ్రి గంజ్‌లో హమాలీ. ఆయన కూడబెట్టిన డబ్బుతో ఒక పాత లాప్‌టాప్ కొన్నారు. దానిలో ఉచితముగా లభించే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది. పగలు అన్న చదువు, రాత్రి చెల్లెలి ఇంటర్ చదువు, రెండును ఆ ఒక్క యంత్రము మీదనే. కామారెడ్డిలో మూత వేసి, ఎల్లారెడ్డిలో మూత తెరిస్తే దీపము వెలిగేది, పంకా తిరిగేది, తెర మాత్రము నల్లగానే ఉండేది. బలవంతముగా ఆర్పి మరల వెలిగించవలసి వచ్చేది. భద్రపరచని వ్రాత అంతయు పోయేది. ఉర్దూలోను, తెలుగులోను అతడు సిద్ధపరచుచున్న ప్రాజెక్టు నివేదిక ఈ విధముగా రెండుసార్లు నష్టమైనది. ఒక దుకాణములో చూపగా, మదర్‌బోర్డు మార్చవలెనన్నారు. వారు చెప్పిన ఖర్చు ఆ ఇంటికి ఒక నెల సంపాదన. "మషీన్ పోయినట్లేనా బేటా?" అని ఆ తండ్రి నన్నడిగినప్పుడు, "కొద్ది రోజులు ఆగండి చాచా, చూస్తాము" అన్నాను.

పాఠకులకు ఇచ్చట ఒక మాట వివరించవలెను. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. యంత్రములోని ఒక్కొక్క పరికరముతో మాట్లాడుటకు కెర్నెల్‌కు ఒక్కొక్క దుబాసీ అవసరము. ఆ దుబాసీయే డ్రైవరు. మూత వేయగానే కెర్నెల్ మొదట మన పనులన్నిటిని నిలిపివేయును. పిమ్మట పరికరములను వరుసగా నిద్రపుచ్చును. ఈ వరుసలో పిల్లలు ముందు, తల్లి తరువాత. మేల్కొనునప్పుడు తల్లి ముందు, పిల్లలు తరువాత. మన ఇండ్లలో అమ్మ అందరికన్న ఆలస్యముగా పడుకొని అందరికన్న ముందు లేచునట్లే ఇదియును. నిద్రలో జ్ఞాపకశక్తి భాగమునకు మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. తక్కిన పరికరములకు చాలావరకు విద్యుత్తు ఆగిపోవును. ఈ నిద్రావస్థలకు ఏసీపీఐ అను నిబంధనావళిని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషీబా సంస్థలు 1996లో ప్రకటించినవి.

దోషము ఎచ్చటనో కనుగొనుటకు లినక్స్‌లోనే ఒక పరీక్షా పద్ధతి ఉన్నది. దాని పేరు పీఎం టెస్ట్. నిద్రను మెట్లు మెట్లుగా సగములో ఆపి, ఐదు సెకండ్లు ఉంచి, తిరిగి లేపును. మేము ఒక్కొక్క మెట్టును పరీక్షించినాము. పనులను నిలిపే మెట్టు, పరికరముల మెట్టు, ప్రాసెసర్ల మెట్టు, అన్నిటిలోను యంత్రము చక్కగా లేచినది. నిజమైన నిద్రలో మాత్రమే లేవలేదు. దీనిని బట్టి ఒక సంగతి ఊహించినాము. పరీక్షలో యంత్రము పూర్తిగా నిద్రలోకి జారదు, విద్యుత్తు నిజముగా తెగదు. కనుక తెగినప్పుడు ఏదో ఒక పరికరము తన జ్ఞాపకమును కోల్పోవుచున్నది. కాని ఏది?

తెర నల్లబడినప్పుడు యంత్రము తన బాధను ఎచ్చట వ్రాయగలదు? డిస్కు కూడ నిద్రలోనే ఉండును గదా! ఈ చిక్కునకు లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2006లో ఒక చమత్కారమైన ఉపాయము చేర్చినాడు. దాని పేరు పీఎం ట్రేస్. యంత్రము ఆరినను చిన్న బ్యాటరీతో నడిచే గడియారము ఒకటి లోపల ఉండును. ఏ పరికరమును లేపబోవుచున్నదో ఆ గుర్తును కెర్నెల్ ఆ గడియారములో తేదీ రూపమున వ్రాయును. యంత్రమును మరల వెలిగించిన పిదప ఆ తప్పుడు తేదీని చదివి, గుర్తు ఏ పరికరముతో సరిపోవునో కెర్నెల్ తెలుపును. మా యంత్రము తేదీ ఎన్నో ఏండ్లు తప్పినది గాని, దోషి వైఫై పరికరమని చెప్పినది. వైఫై డ్రైవరును తొలగించి మూత వేయగా, యంత్రము వెంటనే లేచినది. మదర్‌బోర్డునకు ఏ దోషమును లేదు.

వైఫై పరికరమునకు తన స్వంత చిన్న ప్రోగ్రాము ఒకటి అవసరము. దానిని ఫర్మ్‌వేర్ అందురు. యంత్రము మొదట వెలిగినప్పుడు డ్రైవరు దానిని పరికరములోనికి ఎక్కించుచున్నది. మేల్కొనునప్పుడు మాత్రము అది ఇంకను ఉన్నదని నమ్మి, ఎన్నటికిని రాని జవాబు కొరకు కాచుకొని ఉన్నది. దాని కొరకు తక్కిన యంత్రమంతయు కాచుకొన్నది. మేల్కొనునప్పుడు ఫర్మ్‌వేర్‌ను మరల ఎక్కించవలెను. కాని ఆ క్షణమున డిస్కు సిద్ధముగా ఉండునన్న నమ్మకము లేదు. దూరప్రయాణమునకు సద్ది కట్టుకొన్నట్లు, నిద్రకు ముందే దానిని జ్ఞాపకములో దాచుకొనవలెను. ఈ సదుపాయము లినక్స్ కెర్నెల్‌లో 2012 నుండి ఉన్నది. డ్రైవరులో పది పన్నెండు పంక్తులు చేర్చినాము. జవాబు రానిచో కొంత సేపటికి కాచుకొనుట మానవలెనని ఒక గడువును పెట్టినాము.

"ఇల్లు అలకగానే పండుగ కాదు" గదా! అలారము పెట్టి యంత్రమును తనంతట తానే నిద్రించి లేచునట్లు చేసి, ఒక రాత్రియంతయు పరీక్షించినాము. వంద పర్యాయములు పడుకొన్నది, వంద పర్యాయములు లేచినది. మా సవరణను ఆ డ్రైవరును చూచుకొనే నిపుణులకు పంపినాము. నివేదిక గడువులోగా పూర్తియైనది. చెల్లెలి చదువు ఆగలేదు. ఒక నెల సంపాదన ఆ ఇంటనే నిలిచినది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! యంత్రము చెడినదని ఇతరులు చెప్పిన మాటను నమ్ముటకు ముందు, అది ఏ మెట్టు వద్ద ఆగినదో విచారించండి. తెరచి చదువుకొనుటకు వీలైన కెర్నెల్ ఉండుట చేతనే, జిల్లా కేంద్రమైన కామారెడ్డిలో కూర్చుండి మేము ఈ పని చేయగలిగినాము. కాలేజీ కమిటీ పెద్దలకు నాది ఒక్కటే మనవి. మూలకు చేరిన పాత కంప్యూటర్లను వేలము వేయుటకు ముందు, వారమునకు రెండు గంటలు వాటిని మాకు అప్పగించండి. వాటిలో కొన్ని చెడిపోయినవి కావు, లేపువారు లేక నిద్రించుచున్నవి.