రాజీ అంటే ఏంది?

మొన్న హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేసి అడిగిండు: "అన్నా, ఎటూ తేలనప్పుడు ఏం చేస్తవ్?" సలహా చెప్పను. నాకు జరిగింది చెప్త.

అప్పుడు ఆదిలాబాద్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఊళ్లె బోరింగ్ కాడ తమ్ముణ్ని కులం పేరుతో తిట్టి కొట్టిండ్రు. అట్రాసిటీ కేసైంది. కళ్లారా చూసిన సాక్షిని నేనే. విచారణ దగ్గరపడ్డంక పెద్దమనుషులు వచ్చి కూసున్నరు. "పైసలిప్పిస్తం, రాజీ పడుండ్రి. చదువుకునే పిలగానివి, కోర్టుల చుట్టు ఏం తిరుగుతవ్?" అమ్మ కూలికి పోయేది కొట్టినోళ్ల పత్తి చేన్లకే.

పదిహేను రోజులు నిద్ర లేదు. పడితే ద్రోహం, పడకుంటే పస్తు.

ఒకరోజు 1989 చట్టం పుస్తకం తీసి చదివిన. ఊళ్లె కూసొని ఈ కేసును మాఫీ చేసే వీలు అందులో యాడా లేదు. మరి వీళ్లు రాజీ అంటున్నది దేన్ని? సాక్షి అడ్డం తిరగాలె. అంటే నేను బోనెక్కి "తమ్ముణ్ని కొట్టంగ చూడలే" అనాలె. 'రాజీ' అనే మెత్తటి మాట పోయింది. అబద్ధం చెప్తవా లేదా అన్న ప్రశ్నే మిగిలింది. దానికి జవాబు నాకు తెలుసు.

కానీ ఆ జవాబుకు ఖరీదు కట్టేది అమ్మ. ఆమె కూలి మీద నిలబడి నేను ధైర్యం చూపెడితే అది నా ధైర్యమెట్లయితది? ఊరికి పోయి అడిగిన. అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టింది. మనిషికి 6 కిలోల రేషన్ బియ్యం, ఇంటికి 100 రోజుల ఉపాధి పని, పక్క మండలంల పత్తి ఏరుడు. "ఎండకాలం దాకా ఎల్తది బిడ్డా" అన్నది. జర సేపాగి, "నువ్వు చూసినవా, లేదా?"

"చూసిన."

"మరి గదే చెప్పు."

బాబాసాహెబ్ 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిండు. నాగ్‌పూర్‌ల బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. నడుమ 21 ఏండ్లు. ఏది విడవాలన్నది ముందే తేల్చుకున్నడు. ఎటు పోవాలన్నదానికి తొందరపడలే. మనం రెండు ప్రశ్నల్ని ఒక్క ముడేసి ఉక్కిరిబిక్కిరైతం. ఏది నిజం అన్నది ఒకటి, దాంతోని ఎట్ల బతుకుడు అన్నది ఇంకొకటి. మొదటిది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలె. రెండోది ఖరీదు కట్టేటోళ్లతో కూసొని లెక్క పెట్టాలె.

సాక్ష్యం చెప్పిన. ఆ ఏడు అమ్మను ఊళ్లె ఎవ్వరూ చేనుకు పిలువలే. పొద్దుగాల ఆటోల పక్క మండలం పోయేది. కేసు ఏమైందో వచ్చే భాగంల.

జై భీమ్.