బీగపుచెవిలోని బిళ్ళ

మన సీమలో తాళమును బీగమనియు, దానిని తెఱచు సాధనమును బీగపుచెవి యనియు అందుము. మా తాతలు మొలత్రాట వ్రేలాడదీసికొన్న చెవికి ఇనుపపండ్లు తప్ప మఱేమియు లేదు. అది అరిగినను విరిగినను కంటికి కనబడును. ఇప్పటి మోటారుకారుతో వచ్చు చెవి యట్టిది కాదు. అది యొక నల్లని డిప్ప. మీట నొక్కగానే దానినుండి రేడియో తరంగము బయలుదేరి, కారునకు ఒక సంకేతసంఖ్యను అందించును. ఆ సంఖ్య నొక్కిన ప్రతిమారును మారుచుండును గనుక, దొంగ యొకడు పాతసంఖ్యను పట్టి దాచుకొని మరల పంపినను కారు దానిని అంగీకరింపదు. ఇంత పనికిని ప్రాణము ఒక్క బ్యాటరీ బిళ్ళ.

ఈ బిళ్ళ కొన్ని యేండ్లు పనిచేయును. పిమ్మట ఇరువది అడుగుల దూరమునుండి పలికిన కారు నాలుగడుగులకు వచ్చిననే గాని పలుకదు. కొన్ని కార్లు తమ యెదుటి పలకమీద హెచ్చరిక చూపును. మా కారు ఇతరుల యొద్ద కొన్నది, పాతది. హెచ్చరికలు చేయు అలవాటు దానికి లేదు.

గడచిన వేసవి సెలవులలో మేము కుటుంబసమేతముగా హార్సిలీకొండకు పోయితిమి. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఈ కొండకు పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ యని పేరు. ప్రొద్దు వాలినవేళ తిరిగివచ్చి మీట నొక్కగా కారు పలుకలేదు. మా తల్లిగారు చలిగాలికి కొంగు కప్పుకొని నిలిచియుండిరి. మా చెల్లెలి కుమారుడు, రెండేండ్లవాడు, ఆకలికి ఏడ్చుచుండెను. ప్రక్కనున్న డ్రైవరొకడు, "అయ్యవారూ, ఇంక క్రిందినుంచి బండి తెప్పించి లాగించవలసినదే" అనెను.

కారుతో వచ్చిన పుస్తకమును మేము కొన్ననాడే చదివియుంటిమి. (అట్టి పుస్తకములను చదువువారు ఉపాధ్యాయులు మాత్రమే యని మా యింట పరిహాసము.) డిప్ప ప్రక్కనున్న చిన్న మీటను జరుపగా లోపల దాగియున్న ఇనుపచెవి వెలికి వచ్చెను. దానితో తలుపు తెఱచితిమి. తెఱచినవాడు దొంగ యనుకొని కారు బొబ్బలు పెట్టసాగెను. అప్పుడు డిప్పను స్టార్టు మీటకు ఆనించి నొక్కగా బొబ్బలు మాని కారు కదలెను. డ్రైవరు నోరు తెఱచి చూచెను.

చచ్చిన బిళ్ళతో కారెట్లు కదలెను? పదవ తరగతివారు దీనికి బదులు చెప్పగలరు. డిప్పలో బ్యాటరీతో నిమిత్తము లేని మఱియొక చిన్న చిప్పు కలదు. కారులో తీగచుట్ట యుండును. ఆ చుట్టలో మారుచుండు విద్యుత్తు, అతిసమీపమందున్న చిప్పునకు క్షణమాత్రము శక్తి నప్పిచ్చును. చిప్పు ఆ యప్పుతోనే తన గుర్తును చెప్పుకొనును. 1831లో మైకేలు ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే యిది. వీధి చివరనున్న ట్రాన్సుఫార్మరులోను ఇదే ధర్మము పనిచేయుచున్నది. పరీక్షకొఱకు కంఠస్థము చేసిన ధర్మము చీకటి పడుచున్న కొండమీద మమ్ము ఇంటికి చేర్చినందుకు మేమెంతయు సంతసించితిమి.

మఱునాడు ఒకచోట విచారింపగా చెవి మొత్తమును మార్చవలెననియు, వేలరూపాయలగుననియు చెప్పిరి. గడియారములు బాగుచేయు అంగడిలో యాభై రూపాయలకు లోపలనే బిళ్ళ దొరకెను. దానిమీద సీఆర్ 2032 అని యున్నది. మా విద్యార్థి యొకడు దానిని చూచి, "అయ్యా, ఇది 2032వ సంవత్సరము వఱకు పనిచేయునా?" యని అడిగెను. ప్రశ్న మంచిదే. కాని అది సంవత్సరము కాదు, కొలత. సి యనునది లిథియము, మాంగనీసు డయాక్సైడు గల జాతికి గుర్తు. ఆర్ అనగా గుండ్రనిది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము. 2025 అను బిళ్ళకును అదే వెడల్పు, అదే 3 వోల్టులు; మందము మాత్రము 2.5. దానిని పెట్టినయెడల వదులై, ఒకప్పుడు పలికి ఒకప్పుడు పలుకక విసిగించును. పాతదానిమీది సంఖ్యను చూచియే క్రొత్తది కొనవలెను.

మార్చుట కష్టము కాదు. డిప్ప యంచుననున్న సందులో నాణెమును పెట్టి మెల్లగా త్రిప్పిన రెండుగా విడును, కత్తిమొన వాడరాదు. పాతబిళ్ళ ధనధ్రువపు గుర్తు ఏ వైపునకున్నదో చూచి క్రొత్తదానిని అట్లే యుంచవలెను. కొన్ని బిళ్ళలకు పిల్లలు నోట పెట్టుకొనకుండ చేదుపూత పూయుదురు. ఆ పూత అడ్డమై పనిచేయనిచో స్పిరిటు గుడ్డతో తుడిచిన చాలును.

మేము పాతబిళ్ళను తీసి పట్టుకొనియుండగా మా చెల్లెలి కుమారుడు వచ్చి, "కాసు, కాసు" అని చేయి చాచెను. మేము పిడికిలి విప్పలేదు. ఆ బిళ్ళను పాఠశాలకు తెచ్చి విద్యార్థులచేత కొలిపించితిమి. కారును పలికింపలేని ఆ బిళ్ళలో ఇంకను 2.6 వోల్టులు నిలిచియుండెను.

తల్లిదండ్రులు ఇచ్చట కొంచెము నిలిచి చదువవలెను. ఇంత వెడల్పు గల బిళ్ళ పసిబిడ్డ అన్నవాహికలో చిక్కుకొనును. తడి తగిలి విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువమువద్ద తీవ్రమైన క్షారము పుట్టి, రెండుగంటలలోపలనే కండ కాలును. పాతబిళ్ళకును ఆ శక్తి చాలును. చొంగ కార్చుట, దగ్గు, అన్నము వద్దనుట గుర్తులు. ఒక్కొక్కప్పుడు ఏ గుర్తును ఉండదు. వాంతి చేయింపరాదు. వెంటనే ఎక్సురే గల ఆసుపత్రికి పోయి, నాణెము కాదు బ్యాటరీ యని వైద్యునికి చెప్పవలెను. ఏడాది దాటిన బిడ్డకు, మింగి 12 గంటలు కానియెడల, పోవుదారిలో పది నిమిషముల కొకమారు రెండు చెంచాల తేనె యిచ్చిన మేలని అమెరికాదేశపు విషచికిత్సా నిపుణులు చెప్పుచున్నారు. తేనెకొఱకు ఆలస్యము మాత్రము చేయరాదు. ఆ దేశమున 2020లో పదునెనిమిది నెలల బిడ్డ యిట్లు మరణింపగా, 2022లో ఆమె పేరనే రీస్ చట్టమును చేసిరి. బిళ్ళలున్న అరలను పసివారు తెఱవలేని విధముగా చేయవలెనని దాని విధి.

మన దేశమందును 2022లో బ్యాటరీ వ్యర్థముల నియమములు వచ్చినవి; పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులది. మేము మా పాతబిళ్ళకు రెండువైపులను టేపు అంటించి, బిగువైన మూతగల డబ్బాలో వేసి బీరువాపై నుంచితిమి. ఈ సంగతి విని మా విద్యార్థులు తమ యిండ్లనుండి గడియారములవి, బొమ్మలవి, త్రాసులవి పదునాలుగు బిళ్ళలు తెచ్చి యిచ్చిరి. వాటిలో నాలుగు పిల్లలాడు పెట్టెలలో దొరకినవట.