మనస్సును కొలుచు విద్య

రాయపూర్ నుండి భిలాయికి పోవు రహదారిలో ఖారున్ నది దాటిన పిదప కుమ్హారి వచ్చును. ఆ పేరులో కుమ్మరివాని మాట వినిపించును గాని, నేడు అచ్చటి బ్రతుకు కర్మాగారములతో ముడిపడినది. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక మేరకు భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. పనిని వెదకుకొనుచు నలుదిక్కుల నుండి జనులు వచ్చిరి. విజయనగరము నుండి రాయపూరునకు రైలు మార్గము అంతకుముందే ఉండుటచే ఉత్తరాంధ్రము వారును అనేకులు చేరిరి. వారి పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ అలవడినవి.

యంత్రములు, లారీలు నిండిన చోట తలకు దెబ్బ తగులుట అరుదు కాదు. 2024 ఏప్రిల్ 9 రాత్రి కుమ్హారి వద్ద, పని ముగించుకొని మరలుచున్న కార్మికుల బస్సు మట్టి త్రవ్విన గోతిలో పడి కనీసము 12 మంది మరణించిరి. ఇట్టి ప్రమాదములలో మృతుల సంఖ్య పత్రికలకెక్కును. తలకు గాయమై బ్రతికినవారి కథ మాత్రము తరువాతనే మొదలగును. గాయము మానును, మనిషి లేచి తిరుగును. కాని చెప్పిన పని మరచును, కారణము లేక కోపించును, చిల్లర లెక్కలో తడబడును. “మా వాడు మునుపటివాడు కాడు” అని ఇంటివారు వాపోవుదురు. ఏ శక్తి చెడినది, ఏది మిగిలినది, మిగిలినదానితో జీవితమును ఎట్లు నిలబెట్టుకొనవలెను అని పరీక్షించి చెప్పువాడు న్యూరోసైకాలజిస్టు. ఈ విద్యకు పునాదులు వేసిన అలెగ్జాండర్ లూరియా, రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఉరల్ ప్రాంతపు ఆసుపత్రిలో మెదడు గాయపడిన సైనికులకు కోల్పోయిన శక్తులను తిరిగి నేర్పుచు దీనిని పెంపొందించెను.

ఈ వృత్తిని కోరిన విద్యార్థి నడువవలసిన దారి దీర్ఘమైనది. మనస్తత్త్వ శాస్త్రములో బి.ఏ., ఎం.ఏ. చదువు ముగియువరకు అతనికి పుస్తకములే గురువులు. నిజమైన శిక్షణ ఆసుపత్రిలో ఆరంభమగును. బెంగుళూరులో 1954లో స్థాపితమైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ మరుసటి సంవత్సరమే ఇట్టి శిక్షణకు పూనుకొన్నది. అదియే 1974లో నిమ్హాన్స్ అయినది. రాంచీలో 1918లో ఐరోపా రోగుల కొరకు వెలసిన ఆసుపత్రి నేడు కేంద్రీయ మనోవైద్య సంస్థ. అచ్చట 1962లో ఈ శిక్షణ మొదలయ్యెను. కాలక్రమమున ఇది రెండేండ్ల ఎం.ఫిల్.గా రూపొందినది. మనోవైద్యము, గణాంకములు, మెదడు నిర్మాణము, మాటలతో చేయు చికిత్స ఇవన్నియు అందులో పాఠ్యములు. రోగి చరిత్రను వ్రాసి పెద్దల ముందుంచి, వారి ప్రశ్నలకు నిలువవలెను. 1992 చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదైన పిమ్మటనే వృత్తి చేయు అర్హత కలుగును. మెదడు రోగులను పరీక్షించుటలో నైపుణ్యము కొరకు, ఆపై నాడీ రోగుల వార్డులలోనో పరిశోధనలోనో మరికొన్ని ఏండ్లు గడపవలసి ఉండును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ఎం.ఫిల్.ను రద్దు చేసియు, ఈ శాఖకు 2025–26 విద్యాసంవత్సరము వరకు మినహాయింపునిచ్చినది. పట్టా పేరు మారవచ్చును గాని, అనుభవజ్ఞుల కనుసన్నలలో రోగి ప్రక్కన కూర్చుండి నేర్చుకొను అవసరము మారదు.

ఆ నేర్చుకొనుటలో మిక్కిలి కఠినమైన పాఠము భాషకు సంబంధించినది. జ్ఞాపకశక్తిని కొలుచుటకు పరీక్షకుడు కొన్ని అంకెలను వరుసగా పలుకును, రోగి వానిని తిరిగి చెప్పవలెను. చూచుటకు ఇంతకంటె నిష్పక్షపాతమైన పరీక్ష లేదు. కాని హిందీలో ఏక్, దో, తీన్ మొదలు నౌ వరకు ప్రతి అంకెయు ఒక్క ఊపున పలుకునది. తెలుగున ‘ఎనిమిది’ నాలుగక్షరములు, ‘తొమ్మిది’ మూడు. నోట పలుకుటకు ఎక్కువ కాలము పట్టు మాటలు జ్ఞాపకమున తక్కువగా నిలుచును. వెల్ష్ భాషలోని అంకెలు ఇంగ్లీషు అంకెలకంటె దీర్ఘమగుటచే ఆ భాషలో లెక్క తగ్గుచున్నదని 1980లో ఎల్లిస్, హెన్నెలీ చూపిరి. ఒక అక్షరముతో మొదలగు మాటలు చెప్పుమను పరీక్షయు ఇట్టిదే. తెలుగు వానిని ‘క’తో మాటలు చెప్పుమన్నచో, ‘కిటికీ’ అందులో చేరునా? గుణింతము ఎరిగినవానికి సందేహము కలుగును, బడికి పోనివానికి ప్రశ్నయే అర్థము కాదు. కావున ప్రశ్నను తర్జుమా చేసినంత మాత్రమున పరీక్ష తర్జుమా కాదు. ఆ భాషవారిలో, ఆ చదువువారిలో ఆరోగ్యవంతులు ఎంత చెప్పగలరో ముందుగా కొలిచి ఉంచుకొనవలెను.

బహుభాషలు ఎరుగుట రోగికి లోపము కాదు, బలమే కావచ్చును. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి బృందము మతిభ్రంశము గల 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితములను ప్రకటించినది. రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనిపించినది. చదువు రానివారిలోను ఆలస్యము కానవచ్చినది. కుమ్హారి వీధులలో మూడు భాషలు కలిపి మాటలాడు కూలివానికి, తనకు తెలియకయే కూడబెట్టుకొన్న ధనము ఇది.

పరీక్షకుని నివేదికపై ఒక మనిషి కొలువు, నష్టపరిహారము, తన ఇంట తన మాటకు గల విలువ ఆధారపడి ఉండును. రోగి తెలుగున తలచి హిందీలో జవాబిచ్చుచు తడబడినప్పుడు, ఆ తడబాటు మెదడుదా, భాషదా అని విడదీయలేనివాడు ఎన్ని పట్టాలు పొందినను శిక్షణ ముగించినవాడు కాడు. వచ్చిన మార్కును వెంటనే నమ్మక, “ఇంట ఏ భాష మాటలాడుదువు నాయనా?” అని ముందుగా అడుగ నేర్చినవానికే ఆ నివేదిక క్రింద సంతకము చేయు అర్హత కలదు.